గుమ్మడికాయ కింది జాయింటు

ప్రమీల వేసిన జాయింటు ఊడదు. ఆ సంగతి సత్తుపల్లిలో వీరబాబు ఎలక్ట్రికల్ షాపుకు వచ్చే వాళ్లందరికీ తెలుసు, ఎందుకంటే ప్రమీలే చెప్తుంది. "ఇద్దరు పట్టుకోని గుంజినా రాదు సార్, గ్యారంటీ," అనేసి, టెస్టరు జడలో దోపుకుని, చున్నీ నడుముకు బిగించి నిచ్చెన ఎక్కుతుంది. మొదట్లో ఆడపిల్ల నిచ్చెనెక్కడమేమిటని ముక్కున వేలేసుకున్న వాళ్లే, ఇప్పుడు ఆమె దిగేదాకా ఆగి, పనిలో పనిగా మా ఇంట్లో ఫ్యానొకటి చప్పుడు చేస్తోంది చూసిపొమ్మని వెంటపడుతున్నారు. ఇరవై నాలుగేళ్లకే అంత పేరు తెచ్చుకున్న మనిషికి కాస్త టెక్కు ఉండదా? ఉంది. దాన్ని దాచుకునే మనిషి కూడా కాదు.

సోమవారం పొద్దున్నే దమ్మపేట అవతల నుంచి చెంచురామయ్య ఫోన్ చేశాడు. ఇంటి ముందు కెమెరా చచ్చిపోయిందట. ఆ చుట్టుపక్కల ఇంటికి కెమెరా పెట్టించుకున్న మొదటి మనిషి ఆయన. తండ్రి కాలంలో కృష్ణా డెల్టా నుంచి వచ్చి, అడవి అంచున జీడిమామిడి, పామాయిల్ తోటలు వేసి నిలదొక్కుకున్న కుటుంబం. మూడు నెలల కిందట, శివరాత్రి వెళ్లిన వారంలో, ఆ కెమెరా బిగించింది ప్రమీలే. అందుకని స్కూటీ తనే తీసింది.

ఆమె వెళ్లేసరికి చెంచురామయ్య హాల్లో రిమోటు పట్టుకుని కూర్చున్నాడు. కెమెరా ఆగిపోయినా అది అంతకు ముందు పట్టిన బొమ్మలన్నీ టీవీ కింది రికార్డు పెట్టెలో భద్రంగా ఉంటాయి కదా. ఆదివారం నాటి బొమ్మను ఆయన అప్పటికే పాలవాడికి, ట్రాక్టరు డ్రైవరుకి, పక్కింటి వాళ్లకి వేసి చూపించాడు.

"రా అమ్మాయ్, చూడు. నీ కళ్లతో నువ్వే చూడు," అన్నాడు.

టీవీలో గేటు, గేటుకు ఇవతల ఊడ్చిన వాకిలి. ఎడమ పక్క నుంచి భీమక్క వచ్చింది. దగ్గర్లోని కోయగూడెం మనిషి. ఆ ఇంట్లో అంట్లు, వాకిలి, వెనక జీడిగింజల షెడ్డులో పని, అన్నీ ఆమె చేతి మీద నడిచేవే. భుజాన మునక్కాయలు కోసే దోటి ఉంది, కొసన కొడవలి కట్టిన పొడుగాటి కర్ర. పోర్టికో కిందికి వచ్చి తలెత్తింది. దోటి లేపింది. కొడవలి చూసేవాళ్ల మొహం మీదికే వచ్చింది. ఒక్క ఊపు. టీవీ నల్లబడిపోయింది.

"చూశావా? పది గంటల పద్నాలుగు నిమిషాలు. టైముతో సహా పడింది," అన్నాడు చెంచురామయ్య. దొంగ దొరికినందుకు బాధపడాలో, తన కెమెరా పట్టుకున్నందుకు సంబరపడాలో ఆయనకే తేలడం లేదు.

"నేను కాయ దింపమన్నాను తల్లీ. తీగ కొయ్యమన్నానా?" అంది ఆయన భార్య నిర్మలాదేవి వంటింటి గుమ్మంలోంచి.

కాయంటే దిష్టి గుమ్మడికాయ. కెమెరా పెట్టిన మర్నాటి నుంచే ఊళ్లో వాళ్లు గేటు దగ్గర ఆగి, "అబ్బో, కెమెరా ఇల్లు!" అని నోరు తెరుచుకుని చూసిపోవడం మొదలుపెట్టారు. అన్ని కళ్లు పడితే ఇల్లేం కావాలి? నిర్మలాదేవి పసుపు కుంకుమ రాసిన బూడిద గుమ్మడికాయను ఉట్టిలో పెట్టి, సరిగ్గా కెమెరా పైనున్న కొక్కేనికి కట్టించింది. ఇంటికి కెమెరా కాపలా, కెమెరాకు గుమ్మడికాయ కాపలా. ఆదివారం అమావాస్య కాబట్టి కుళ్లిన కాయ దింపి కొత్తది కట్టాలి. దింపిన కాయను ముట్టుకుంటే అది లాగిన దిష్టంతా ముట్టుకున్న వాళ్లకు చుట్టుకుంటుందని ఆ ఇంట్లో ఎవరూ దాని జోలికి పోరు. భీమక్కకు మాత్రం ఏమీ చుట్టుకోదని ఎవరు తేల్చారో మరి, ఏ కాయ దింపాలన్నా ఆమెనే పిలుస్తారు.

ప్రమీల బయటికొచ్చి పోర్టికో దూలం కేసి చూసింది. గోడలోంచి వచ్చిన పవర్ తీగ కొక్కేనికి జానెడు కింద రెండుగా విడిపోయి, ఒక కొస నల్లటేపుతో సహా గాల్లో వేలాడుతోంది. లోపలికి పోయి మీటరు పెట్టింది. అడాప్టరు దగ్గర పన్నెండు వోల్టులు నిక్షేపంగా ఉన్నాయి. కెమెరా దాకా చేరడం లేదు, అంతే.

"మధ్యల తెగింది సార్. ముక్క అతికిస్తె లాభం లేదు, మొత్తం తీగ మార్చాలె. బుధవారం తెస్త."

"తెగిందా? లేకపోతే నువ్వేసిన జాయింటు ఊడిందా?" అన్నాడు చెంచురామయ్య.

ఆయన ఆ ఒక్క మాట అనకపోయి ఉంటే ఇంత రాద్ధాంతం జరిగేదే కాదు. నిచ్చెన తోటలో ఉంది, తెప్పించాలంటే అరగంట. అశ్వారావుపేటలో ఇంకో ఇంటి వాళ్లు ఆమె కోసం ఎదురుచూస్తున్నారు. అవన్నీ నిజాలే. కానీ ప్రమీల నిచ్చెన అడగకపోవడానికి కారణం అవేవీ కాదు. జాయింటు ఊడిందా అనేసరికి ఆమెకు ఒళ్లు మండింది.

"నా జాయింటు ఊడుడేంది సార్!" గొంతు పెరిగింది. "కోస్తెనే తెగుతది అది. కోసిన్రు."

వాకిట్లో గుమ్మడికాయ మరక కడుగుతున్న భీమక్క చీపురు ఆపి నిలబడింది. షెడ్డులో పనికి వచ్చిన ఆడవాళ్లు, ఇద్దరు పాలేర్లు, ట్రాక్టరు డ్రైవరు, అందరూ అక్కడే ఉన్నారు.

"నేను కొయ్యలే పిల్లా. కాయ తాడుకే తగిలిచ్చిన," అంది భీమక్క.

"నువ్వు కావాల్నని కోసినవని నేనంటలేనక్కా. కొడవలి తగిలి ఉంటది," అంది ప్రమీల, కాస్త తగ్గి.

ఆ రెండో మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. మొదటిది ఎక్కింది. "అదీ సంగతి. టెక్నీషియన్ నోటితోనే వచ్చింది," అని చెంచురామయ్య అందరి వంకా చూశాడు. ప్రమీల అప్పటికే హెల్మెట్ పెట్టుకుంటోంది.

*

మంగళవారం షాపు తెరిచేసరికి వీరబాబు మొహం వెలిగిపోతోంది.

"ఎనిమిది కెమెరాలు ప్రమీలా! జీడిగింజల షెడ్డు చుట్టూ ఎనిమిది. చెంచురామయ్య గారు పొద్దున్నే ఫోన్ చేసిండు. నీ పనంటె మస్తు గురి ఆయనకు."

"నేను చెప్పలే?" అంది ప్రమీల. స్టూలు మీద కూర్చుని కాళ్లూపుకుంటూ, ఎనిమిదింటికీ ఎంత తీగ పడుతుందో అప్పుడే మనసులో లెక్క కట్టడం మొదలుపెట్టింది.

"అయితే ఒక్క కాగితం కావాలంట," అన్నాడు వీరబాబు. "తీగ కోసిన్రని మన లెటర్‌హెడ్డు మీద రాసి, నువ్వు సంతకం పెట్టాలె. రేపు పదింటికి ఆ గూడెం పెద్ద సీతయ్యను ఇంటికి పిలిపిచ్చిండు. పెద్దమనిషికి కాగితం చూపిచ్చి, ఆడికెంచి సీదా పోలీస్ స్టేషనుకు పోతడంట."

ప్రమీల కాళ్లూపడం ఆపింది. "స్టేషనుకెందుకు? తీగనే గద తెగింది? సామానేం పోలే."

"ఇయ్యాల కెమెరా కోసినోళ్లు రేపు షెడ్డు తాళం కొయ్యరా అంటుండు. భీమక్కను పని మాన్పిచ్చిండు. ఆమెనే గాదు, షెడ్డుల గింజలు కొట్టే గూడెమోళ్లు పన్నెండు మందిని గూడ రావద్దన్నడు."

"వాళ్లేం చేసిన్రు?"

"నన్నడుగుతవేంది? ఆయన షెడ్డు, ఆయనిష్టం."

ఆ సంవత్సరాల్లో ఆ వైపు గూడేనికి పోలీసు జీపు వెళ్లిందంటే అది తీగ ముక్క దగ్గర ఆగేది కాదు. ఇంట్లో మగవాళ్లెక్కడ అంటారు, అడవిలోకి ఎందుకు పోయారంటారు, ఏ నక్సలైట్లకు అన్నం పెట్టారంటారు. ఒక మనిషిని తీసుకుపోతే తిరిగి ఇంటికి వచ్చేదాకా గూడెంలో ఎవరికీ ముద్ద దిగేది కాదు. అది వీరబాబుకూ తెలుసు, ప్రమీలకూ తెలుసు.

అయినా వీరబాబు కాగితం తీసి గుండ్రటి అక్షరాలతో రాశాడు. రాసింది పైకి చదివాడు: "సదరు పవర్ కేబులును పదునైన పనిముట్టుతో కోసినట్టు మా టెక్నీషియన్ పరిశీలనలో తేలినది." చదివి పెన్ను ఆమె ముందు పెట్టాడు.

పరిశీలన అన్న మాట దగ్గర ప్రమీల చూపు ఆగిపోయింది. ఏం పరిశీలించింది తను? కింద నిలబడి మెడెత్తి చూసింది. అంతెత్తు మీద వేలాడే తీగ కొసను కింద నుంచి చూసి కోసిందో, తెగిందో, ఎలుక కొరికిందో చెప్పగలిగే వాళ్లెవరైనా ఉంటే వాళ్లకు దండం పెట్టాలి.

"రేపు ఎక్కి చూసినంక పెడత సంతకం," అంది.

"నిన్న చూసినవ్ గద?"

"కింద నుంచి చూసిన అన్నా. సంతకం పెట్టాలంటె పైకెక్కి చూడాలె."

"ఎక్కినా అదే ఉంటది గద?"

"అదే ఉంటది," అంది ప్రమీల. అనడమే కాదు, అప్పటికీ అలాగే నమ్మింది. కోసిన గుర్తు కళ్లారా చూస్తే నిశ్చింతగా సంతకం పెట్టవచ్చు, అంతే తేడా. చుట్టలోంచి కొత్త తీగ లాగి మూరలతో కొలిచింది. హాల్లో అడాప్టరు నుంచి పోర్టికోలో కెమెరా దాకా పదిహేడు మూరలు. ఎందుకైనా మంచిదని ఇరవై కోసి, చుట్టి, వీరబాబు రాసిన కాగితాన్నీ, ఇంకో రెండు ఖాళీ లెటర్‌హెడ్డులనూ సంచిలో పెట్టుకుంది.

*

బుధవారం పొద్దున్న పామాయిల్ తోటల మధ్య మట్టిరోడ్డు మీద వాళ్లు ఎదురయ్యారు. ముందు తలపాగా చుట్టుకున్న ముసలాయన సీతయ్య, వెనక భీమక్క, ఆమె వెనక పని పోయిన పన్నెండు మంది. ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు. ప్రమీల బండి ఆపింది.

"అక్కా, ఇయ్యాల తీగ మారుస్తున్న," అంది.

"మార్చు," అంది భీమక్క. "ఒకటడుగుత చెప్పు. మొన్న నువ్వు ఎక్కి చూసినవా?"

"లేదక్కా. కింద నుంచే."

"చూడకుంటనే అందరి ముందల అన్నవ్."

కోపంగా కూడా అనలేదు ఆమె. కోపంగా అని ఉంటే ప్రమీల దగ్గర ఎదురు మాటలు బోలెడు ఉన్నాయి. "ఇయ్యాల ఎక్కి చూస్త," అంది చిన్నగా.

"చూడు. నా దిక్కు చెప్పమంటలేను. చూసింది చెప్పు," అని భీమక్క నడక సాగించింది.

ఇంటి దగ్గర నిచ్చెన సిద్ధంగా ఉంది. పోర్టికో పక్కన కుర్చీ వేసుకుని చెంచురామయ్య, మెట్ల మీద సీతయ్య. ఆడవాళ్లను గేటు బయటే ఉండమన్నారు. నిర్మలాదేవి కొత్త గుమ్మడికాయకు పసుపు రాసి పళ్లెంలో పెట్టుకుని నిలబడింది. తీగ పని అయిపోతే కట్టించేయాలని ఆమె తొందర.

ప్రమీల అడాప్టరు తీసేసి, టెస్టరు జడలో దోపుకుని పైకెక్కింది.

దూలం దగ్గరికి చేరేసరికి ముందు వాసన కొట్టింది. పులిసిన వాసన, కుళ్లిన గుమ్మడిగుజ్జు వాసన. కొక్కెం కింద దూలమంతా గోధుమ రంగు చారలు. ఆ చారలు దిగిదిగి సరిగ్గా తన జాయింటు మీదికి వచ్చాయి. వేలాడుతున్న కొసను పట్టుకుంది. టేపు జిగురుజిగురుగా వేళ్లకు అంటుకుంది. మడతలో రెండు గుమ్మడిగింజలు ఎండి అతుక్కుని ఉన్నాయి.

గోటితో టేపు విప్పింది. లోపల రాగి లేదు. రాగి ఉండాల్సిన చోట పచ్చటి పొడి ఉంది. వేలితో తాకితే రాలింది. నల్ల తీగ ఒక మోస్తరుగా బాగానే ఉంది, మెలి మాత్రం జారిపోయింది. ఎర్ర తీగ, కరెంటు మోసేది, పూర్తిగా చిలుము పట్టి తినేసి ఉంది. రెండో కొస చూసింది. అదీ అంతే. కొడవలి గాటు ఎక్కడా లేదు. కాయ తాడుకు దోటి తగిలించి ఊపితే వచ్చిన ఆ కాస్త కదలికకు పుల్లలా విరిగిపోయింది. దోటి తగలకపోయినా ఇంకో నాలుగు రోజుల్లో గాలికే విరిగేది.

ప్రమీల ఆ కొసనే మరోసారి తిప్పి చూసింది. ఎందుకంటే గుమ్మడినీళ్లు పడినంత మాత్రాన సరిగ్గా వేసిన జాయింటు ఇలా కాదు. శివరాత్రి తర్వాత ఆ రోజు తీగ మూరెడు తక్కువైంది. ముక్క అతకాల్సి వచ్చింది. సీసం కరిగించి సోల్డరింగ్ చేసి, పైన రబ్బరు తొడుగు వేయాలి. అప్పుడే కరెంటు పోయింది, రాడ్డు వేడెక్కలేదు. మెలిపెట్టి, టేపు చుట్టి, "ఇప్పటికి ఇది చాలు, వచ్చే వారం వచ్చి చేస్త" అని తనకు తనే చెప్పుకుని దిగిపోయింది. ఆ వచ్చే వారం మూడు నెలలైనా రాలేదు. మర్చిపోయింది. ఊళ్లన్నీ తిరిగి నా జాయింటు ఊడదు అని చెప్తూ, ఊడే జాయింటు ఒకటి ఇక్కడ వదిలేసిందన్న సంగతి నిజంగానే మర్చిపోయింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"ఏమ్మా, కోసిన గుర్తు కనపడిందా?" కింది నుంచి నిర్మలాదేవి అడిగింది.

పైనుంచి చూస్తే అంతా కనిపిస్తోంది. కుర్చీలో చెంచురామయ్య బట్టతల, సీతయ్య తలపాగా, గేటు కమ్మీల వెనక పన్నెండు మొహాలు. ఎనిమిది కెమెరాలు గుర్తొచ్చాయి. వీరబాబు మొహం గుర్తొచ్చింది. పచ్చపొడి ఊదేసి, కొస కత్తిరించేసి దిగితే అడిగే నాథుడు లేడు. ఆ ఆలోచన రానే వచ్చింది, రాలేదని అబద్ధం ఎందుకు? వచ్చింది గాని, వచ్చినందుకే ఆమెకు తన మీద అసహ్యం వేసింది. రెండు కొసలనూ టేపుతో సహా జాగ్రత్తగా కత్తిరించి కుర్తా జేబులో వేసుకుంది.

"పని కానియ్యండి మేడమ్, చెప్త," అంది.

పాత తీగ మొత్తం ఊడబెరికింది. కొత్తదాన్ని కొక్కెం పక్క నుంచి పోనివ్వకుండా, దూలం వెనక వైపుగా తిప్పి, చుక్క నీరు కూడా చేరని చోటు నుంచి తెచ్చింది. మూరకొక క్లిప్పు కొట్టింది. హాల్లోకి చేరేదాకా ఎక్కడా అతుకు లేదు. ఒక్కటే తీగ. కెమెరా వైపు కొసను ఈసారి సోల్డరింగ్ చేసింది, తొడుగు వేసింది, వేలితో గుంజి చూసింది, మళ్లీ గుంజి చూసింది. అడాప్టరు పెట్టగానే కెమెరాలో ఎర్ర చుక్క వెలిగింది. హాల్లో టీవీలో గేటు, గేటు వెనక నిలబడ్డ ఆడవాళ్లు కనిపించారు.

"శభాష్," అన్నాడు చెంచురామయ్య. "ఇక కాగితం తియ్యి."

"ఒక్క నిమిషం సార్." ప్రమీల మిగిలిన రెండు మూరల తీగ పట్టుకుని వాకిట్లోకి నడిచింది. "భీమక్కా, జర లోపలికి రా. ఆ దోటి పట్రా."

"దోటెందుకు?" అని చెంచురామయ్య సగం లేచాడు.

భీమక్క గేటు తీసుకుని లోపలికి వచ్చింది. గోడకు ఆనించిన దోటి తీసింది. ప్రమీల కొత్త తీగను రెండు చేతులతో బిగబట్టి ముందుకు చాపింది.

"కొయ్యక్కా."

భీమక్క సీతయ్య వైపు చూసింది. ముసలాయన తలూపాడు. ఆమె దోటిని దగ్గరగా పట్టుకుని కొడవలి అంచు తీగకు ఆనించి ఒక్క లాగు లాగింది. తీగ రెండు ముక్కలైంది.

ప్రమీల ఆ ముక్క కొసను చెంచురామయ్య కళ్ల ముందు పెట్టింది. "ఇగో సార్, కోస్తె ఇట్లుంటది. రాగి ఎట్ల మెరుస్తుందో చూడుండ్రి." జేబులోంచి పాత కొసలు తీసి ఆయన అరచేతిలో పెట్టింది. "ఇవి మీ ఇంటియి. వీట్ల మెరుపుందా?"

ఆయన అరచేయి పచ్చగా అయింది. సీతయ్య లేచి వచ్చి ఒంగి చూశాడు. "ఇది కొడవలి పని గాదు," అన్నాడు.

"చిలుము పెద్దాయనా. గుమ్మడికాయ నీళ్లు తిన్నయ్. మూడు నెలల సంది చుక్క చుక్క పడి తిన్నయ్."

నిర్మలాదేవి పళ్లెం పట్టుకునే ముందుకొచ్చింది. "కారుతోందని నాకూ తెలుసు తల్లీ! కాయ ఎంత కారితే అంత దిష్టి లాగుతున్నట్టు కదా! అందుకే నెల కిందటే దింపాల్సింది కూడా దింపించలేదు. ఎంత లాగిందో చూడండి అని ఈయనకు చూపించాను కూడా!"

చెంచురామయ్య తన భార్య వంక చూసిన చూపుకు అర్థం ఆమె ఒక్కదానికే తెలియాలి. గేటు దగ్గర ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. ఆయన తీగ ముక్కలు కింద పారేసి చేయి తుడుచుకున్నాడు. చెడ్డ మనిషి కాదు. తప్పు చేతికి తగిలాక దాన్ని ఎలా వదిలించుకోవాలో తెలియని మనిషి.

"సర్లే. ఏదో అయింది. ఇందులో ఎవరి తప్పూ లేదు," అన్నాడు. "భీమక్కా, రేపటి నుంచి పనిలోకి వచ్చెయ్. వాళ్లనీ రమ్మను. స్టేషనూ లేదు, ఏమీ లేదు. పోండి ఇక."

భీమక్క కదల్లేదు. ప్రమీలా కదల్లేదు.

"ఎవరి తప్పు లేకపోవుడేంది సార్," అంది ప్రమీల. "నాదుంది. తప్పు గుమ్మడికాయది కాదు, నేను జాయింటు సరిగ వేసి ఉంటె నీళ్లు దిగకపోతుండె. సోల్డరింగ్ చెయ్యలే. టేపు చుట్టి పోయిన. మొన్న ఎక్కకుండనే కోసిన్రని చెప్పిన. మీరు కాగితం అడిగిన్రు గద, రాసిస్త."

"ఆ కాగితం ఇప్పుడెందుకు?"

"కోసిన్రంటె కావాల్సొచ్చిన కాగితం, కొయ్యలేదంటె వద్దా సార్?"

చెంచురామయ్య మొహం గంటు పెట్టుకున్నాడు. "అమ్మాయ్, ఈ మాట కాగితమ్మీద పెడితే మీ వీరబాబు నిన్ను ఉంచుకుంటాడా? షెడ్డు పని మీకిస్తానా? ఆలోచించుకున్నావా?"

"నిచ్చెన మీదనే ఆలోచించిన సార్. ఇయ్యకపోతె మీ ఇష్టం. వీరబాబన్న వద్దంటె ఇంకో షాపుల గూడ నిచ్చెనలుంటయ్."

సంచి తెరిచి, వీరబాబు రాసిన కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, ఖాళీ లెటర్‌హెడ్డు తీసి పోర్టికో గట్టు మీద పెట్టుకుని రాసింది. వీరబాబంత గుండ్రంగా రాలేదు. కొట్టివేతలు లేకుండా మాత్రం వచ్చింది. కింద పేరు, పేరు కింద టెక్నీషియన్ అని రాసి, తీసుకెళ్లి భీమక్క చేతికిచ్చింది.

భీమక్క కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "నాకు సదువు రాదు," అంది. సీతయ్య తనకూ రాదని చెయ్యి తిప్పాడు.

"నేను చదివి ఇనిపిస్త అక్కా," అంది ప్రమీల.

"నువ్వొద్దు." భీమక్క రెండడుగులు వేసి కుర్చీ దగ్గర నిలబడి కాగితం చాపింది. "అయ్యా, మీరు సదువుండ్రి. టీవీల నా బొమ్మ అందరికి సూపిచ్చింది మీరే గద."

పొద్దుటి ఎండ పోర్టికో మెట్ల దాకా వచ్చింది. పాలేర్లు పని ఆపి చూస్తున్నారు. ట్రాక్టరు డ్రైవరు ఇంజను కట్టేశాడు. చెంచురామయ్య కాగితం వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. తీసుకోకపోతే ఇది ఇక్కడితో ముగిసేలా లేదని ఆయనకు అర్థమైంది. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు.

"కెమెరా పవర్ తీగను ఎవరూ కోయలేదు," గబగబా, గొంతులోనే చదివాడు. "ఫిబ్రవరిలో నేను జాయింటు సరిగా వేయలేదు. గుమ్మడికాయ నీళ్లు దిగి అది విరిగిపోయింది. సోమవారం ఎక్కి చూడకుండా కోశారని చెప్పాను. అది నా తప్పు. భీమక్క తప్పేమీ లేదు."

మడిచి ఇవ్వబోయాడు.

"గేటు కాడోళ్లకు ఇనపడలేదయ్యా," అంది భీమక్క.

ఆయన కళ్లజోడు పైనుంచి గేటు వైపు చూశాడు. పన్నెండు మందీ కమ్మీలు పట్టుకుని ఆయన నోటి వంకే చూస్తున్నారు. చెంచురామయ్య కుర్చీలోంచి లేచాడు. కాగితం మళ్లీ విప్పి, గొంతు సవరించుకుని, మొదటి అక్షరం నుంచి చదివాడు. ఈసారి గేటు దాటి రోడ్డు మీద పోయేవాళ్లు కూడా ఆగేంత గట్టిగా చదివాడు. చివరి మాటను కూడా మింగకుండా చదివాడు.

భీమక్క ఆయన చేతిలోంచి కాగితం తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, రొంటిన దోపుకుంది. ప్రమీల పక్క నుంచి పోతూ ఒక క్షణం ఆగింది. పొగడలేదు, తిట్టలేదు. "దిగేటప్పుడు పైమెట్టు కదిలింది, సూస్కో," అని నిచ్చెన చూపించి గేటు వైపు నడిచింది.

"భీమక్కా! రేపు పొద్దున్నే వస్తున్నారుగా అందరూ?" నిర్మలాదేవి పళ్లెం పట్టుకునే వెనక నుంచి కేకేసింది.

భీమక్క వెనక్కి తిరిగింది. గేటు దగ్గరున్న పన్నెండు మందినీ ఒకసారి చూసింది, తర్వాత పోర్టికో కేసి చూసింది.

"మేం కూసోని మాట్లాడుకోని చెప్తమమ్మా," అంది.